షుగరు ఉన్నవాళ్ల లెక్క వేరు
గుండె రక్తనాళాల్లో బ్లాకుల చికిత్స మీద వచ్చిన వ్యాసం చదివాను. స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) అయినా బైపాస్ (రక్తానికి వేరే దారి వేసే ఆపరేషన్) అయినా ఫలితం ఒకటే, స్టెంటయితే రెండు రోజుల్లో ఇంటికెళ్లొచ్చు అన్నట్టుగా ఉంది అది. ఒక్క నాళంలో బ్లాక్ ఉన్నవాళ్లకైతే సరే. షుగరు ఉండి, రెండు మూడు నాళాలు మూసుకుపోయినవాళ్ల మాటే ఎత్తలేదు. 2012లో వచ్చిన ఫ్రీడమ్ అధ్యయనం సరిగ్గా అలాంటి 1,900 మంది మీద చేసిందే. ఐదేళ్లకు స్టెంట్లు వేసినవాళ్లలో 16.3 శాతం మంది చనిపోతే, బైపాస్ వాళ్లలో 10.9 శాతం. గుండెపోట్లు కూడా బైపాస్ వైపు సగం కంటే తక్కువే. పక్షవాతం మాత్రం అటే ఎక్కువ: 5.2 శాతం, స్టెంట్ వైపు 2.4. అదీ దాచకుండా చెప్పాలి.

మా మేనమామ ఇంకా యాంజియో (గుండె నాళాల్లో బ్లాకులు చూసే పరీక్ష) బల్ల మీదే ఉండగా ఆసుపత్రివాళ్లు బయట అత్తయ్య చేతికి ఒప్పుకోలు కాగితం ఇచ్చి, ‘ఇప్పుడే మూడు స్టెంట్లు వేసేద్దామా’ అని అడిగారు. ఆ టెన్షన్‌లో ఆవిడకేం తెలుస్తుంది, సంతకం పెట్టేసింది. గుండెపోటు వచ్చి ఉంటే ఆ తొందర అవసరమే. ఆయనకు ఉన్నది మెట్లెక్కితే ఆయాసం, పదేళ్ల షుగరు. అలాంటప్పుడు యాంజియో సీడీ తీసుకెళ్లి బైపాస్ చేసే ఒక సర్జన్‌కు కూడా చూపించుకునే టైమ్ ఉంటుంది.