వైజాగ్‌లో వంద డాలర్లు

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం మొన్న జరిపిన ఉగాది సభకు వచ్చినవాళ్లకు ఆ సాయంత్రం గుర్తుండే ఉంటుంది. పంచాంగ శ్రవణం మొదలై, పంతులుగారు వృషభ రాశికి ఆదాయ వ్యయాలు చదువుతుండగా లైవ్ ఆగిపోయింది. హాల్లో ఉన్నవాళ్లకు తెలియలేదు గానీ, ఊళ్లో తెల్లవారుజామునే లేచి టీవీల ముందు కూర్చున్న మన అమ్మానాన్నలకు తెరమీద చక్రం తిరగడం తప్ప ఇంకేమీ కనబడలేదు. పది నిమిషాల్లో మళ్లీ వచ్చింది. చివర్లో వందన సమర్పణ చేస్తూ కార్యవర్గంలో ఒక పెద్దమనిషి ఆ మాట ఎత్తారు. "లైవ్ చూసుకున్నది వైజాగ్ కుర్రాడండీ. వంద డాలర్లకు ఒప్పుకున్నాడు. ఇక్కడ వందంటే మనకు ఒకపూట భోజనం, అక్కడ వాడికి రాజభోగం!" హాలంతా నవ్వింది. చప్పట్లు కూడా పడ్డాయి.

ఆ కుర్రాడు మా తమ్ముడి కొడుకు. ఆయనకు ఆ సంగతి తెలియదు. ఆయన మంచివారే, ఈ సంఘం కోసం ఎన్నో శనివారాలు వదులుకున్నారు. కానీ లైవ్ అప్పటికింకా నడుస్తూనే ఉంది. మధురవాడలో మా తమ్ముడు, మరదలు, వాడు, ముగ్గురూ ఆ మాట విన్నారు.

లైవ్ ఆగిన పది నిమిషాలూ నేను ఫోన్ పట్టుకుని సౌండ్ రూమ్‌లోనే ఉన్నాను. హాల్లో అందరూ స్కూలు వైఫైకే ఎక్కి వీడియోలు పంపుకుంటున్నారు, మన లైవ్‌కి దారి లేదు. "అత్తా, వైఫై వదిలెయ్. గోడకి కేబుల్ పెట్టే డబ్బా ఉందేమో చూడు" అన్నాడు. తెర వెనకాల దొరికింది, రెండు కన్నాలున్నాయి. ఒకదాంట్లో పెట్టాను. "నంబరు ఏటి కనిపిస్తోంది?" కంప్యూటర్‌కి నెట్‌వర్కులో ఉండే అడ్రస్ అది. 169తో మొదలవుతోందని చెప్పాను. "అయితే అది పనిచేయని పోర్టు. అడ్రస్ ఇచ్చేవాళ్లు దొరక్క కంప్యూటర్ తనకి తనే ఏదో నంబరు పెట్టీసుకుంది. పక్కదాంట్లో పెట్టు." పెట్టాను. చిన్న పచ్చ లైటు మినుకుమంది, 10తో మొదలయ్యే నంబరు వచ్చింది. వాడు అక్కడినుంచే బిట్‌రేటు, అంటే సెకనుకు వెళ్లే వీడియో డేటా, సగానికి తగ్గించాడు. బొమ్మ కాస్త మసకేసినా మాట తెగకుండా వచ్చింది. అప్పుడు వైజాగ్‌లో నాలుగుంపావు. వారమంతా నైట్ షిఫ్టు చేసినవాడికి నిద్రపోవడానికి దొరికిన రాత్రి అది. అంతకుముందు మూడు రిహార్సల్స్‌కి కూడా ఇలాగే మేలుకున్నాడు.

మర్నాడు ఫోన్ చేసి, ఆ మాట విన్నావా అని అడిగాను. "పర్లేదత్తా, ఊరికే అన్నారులే" అన్నాడు. మా ఇంట్లో ఈ 'పర్లేదు' ఒకటి ఉంది. కష్టం వచ్చినా పర్లేదే, అవమానం జరిగినా పర్లేదే. చిన్నప్పుడు అది మర్యాద అనుకునేదాన్ని. ఇప్పుడు వింటే గుండె పట్టేసినట్టుంటుంది.

నిజానికి ఈ సంక్రాంతికి వెళ్లినప్పుడే వాడి జీతం స్లిప్ చూశాను. రుషికొండ కొండమీద ఆఫీసు, అమెరికా క్లయింట్ల నెట్‌వర్కులు రాత్రంతా కాపలా కాసే పని. లింకు తెగితే టికెట్, అంటే ఫిర్యాదు, వస్తుంది, పదిహేను నిమిషాల్లో ఎవరో ఒకరు అందుకోవాలి. నాలుగేళ్ల అనుభవం. ఏడాదికి 3 లక్షల 60 వేలు అని ఆఫర్ లెటర్‌లో ఉంటుంది, అందులోంచి కంపెనీ వంతు పీఎఫ్, గ్రాట్యుటీ ముందే పోతాయి. ఆ తర్వాత వాడి వంతు పీఎఫ్, 200 వృత్తి పన్ను. నెలకు చేతికొచ్చేది 25 వేలు. జీతం 21 వేలు దాటింది కాబట్టి ఈఎస్ఐ, అంటే ఉద్యోగులకుండే ప్రభుత్వ వైద్య బీమా, లేదు. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్సు వాడొక్కడికే. బీపీ, షుగర్ ఉన్న మా తమ్ముడి మందులకు నెలకు 2,200 జేబులోంచే.

ఇంటద్దె 11 వేలుండేది. డిసెంబరులో ఓనరు 13 చేశారు. "డేటా సెంటర్లు వస్తున్నాయి కదమ్మా, ఇప్పుడు ఎవరైనా ఇస్తారు" అన్నారట మా మరదలితో. 2025 అక్టోబరు 14న గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానన్నప్పుడు మన వాట్సాప్ గ్రూపుల్లో మనమంతా పండగ చేసుకున్నాం. టీసీఎస్‌కి, కాగ్నిజెంట్‌కి ప్రభుత్వం ఎకరం 99 పైసలకు ఇచ్చినప్పుడూ అంతే. నేనూ సంతోషపడ్డాను, ఇప్పటికీ సంతోషమే. కానీ ఆ కొండ కింద అద్దెకుండేవాళ్లకు ఆ వార్త ముందుగా వచ్చింది ఓనరు నోటినుంచి.

మిగతాది చెప్పక్కర్లేదు. సరుకులు, పాలు, గ్యాసు కలిపి 9 వేలు. కరెంటు, ఇంటర్నెట్ 2,600. బండి ఈఎంఐ 3,100, లీటరు 108 దాటిన పెట్రోలుకు ఇంకో రెండు వేలు. మా తమ్ముడు ఒక కొట్లో లెక్కలు రాసి తెచ్చే 6 వేలు కలిపినా నెలాఖరుకు తూకం సరిపోదు. మా మరదలు ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఎంవీపీ రైతు బజారుదాకా వెళ్లి కూరలు తెస్తోంది. ఆదివారం చేపలు మానేశారని వాళ్లు చెప్పలేదు. నేను గమనించాను. విశాఖలో, సముద్రం ఒడ్డున, మా ఇంట్లో!

"అక్కడ అన్నీ చవక కదా" అంటారు. కాదనను. అన్నం, ఆటో, క్షవరం, ఇంటద్దె కూడా న్యూజెర్సీతో పోలిస్తే చవకే. ఇక్కడ మనకొచ్చే జీతం ఇంటికీ, హెల్త్ ఇన్సూరెన్సుకీ, పిల్లల డేకేర్‌కీ ఎలా కరిగిపోతుందో నాకు తెలుసు. ఎవరూ వైజాగ్ కుర్రాడికి అమెరికా జీతం ఇమ్మనడం లేదు. అయితే లెక్క సరిగ్గా వేద్దాం. కార్మిక గణాంకాల శాఖ ప్రకారం 2024 మే నాటికి అమెరికాలో నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగుల మధ్యస్థ వేతనం ఏడాదికి 73 వేల డాలర్ల పైనే. ఊళ్లో ధరలు చవక అనే లెక్కను పూర్తిగా ఒప్పుకుని, బ్యాంకు రేటు పక్కనపెట్టి, కొనుగోలు శక్తి లెక్కన, అంటే ఇక్కడ డాలరుకొచ్చేది అక్కడ ఎన్ని రూపాయలకొస్తుందో ఆ లెక్కన, డాలరుకు 20 రూపాయలే వేసినా అది 14 లక్షలు దాటుతుంది. అందులో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లూ ఉంటారు, నిజమే. వీడికి సగమే అనుకుందాం, 7 లక్షలు. వస్తున్నది 3 లక్షల 60 వేలు. చవక అనే మాట ఎంత లాగినా ఆ తేడాకు సరిపోదు.

పైగా వాడి పనికి కావలసినవేవీ వైజాగ్ ధరకు రావు. నెట్‌వర్క్ పని వచ్చని సిస్కో కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ సీసీఎన్ఏ, దాని పరీక్ష ఫీజు ఎక్కడైనా 300 డాలర్లే. పన్నుతో కలిపి 30 వేలు దాటుతుంది, అంటే వాడి నెల జీతం కంటే ఎక్కువ. మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. అది లేక పై మెట్టు ఎక్కలేడు, పై మెట్టు ఎక్కక అది కట్టలేడు. మన సంఘం ఇచ్చిన వంద డాలర్లు ఆ ఫీజు కోసం దాచుకునే సీసాలోనే వేశాడు. వంటింట్లో అటక మీద, పాత హార్లిక్స్ సీసా.

ఇంకో మాట చెప్పాలి, ఇంతవరకు ఈ సంఘంలో ఎవరికీ చెప్పలేదు. మా నాన్నగారు షిప్‌యార్డులో ఫిట్టరు. క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి ఉండేవి. ఒక్క జీతంతో మమ్మల్ని చదివించి, రిటైరయ్యాక గోపాలపట్నంలో రెండు గదుల ఇల్లు కట్టారు. నా అమెరికా చదువుకు అది అమ్మేశారు. మా తమ్ముడు సంతకం పెడుతూ "పర్లేదక్కా" అన్నాడు. ఈరోజు ఆ 13 వేల అద్దె వాడు కడుతున్నాడంటే కారణం నేను ఇక్కడ ఉండడమే. మనలో ఎంతమంది వెనకాల ఇలాంటి గోపాలపట్నం ఇల్లు ఒకటి లేదు?

2014 అక్టోబరు 12న విశాఖకు హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎవరి ఫోనూ కలవక మనం ఇక్కడ ఎలా అల్లాడామో మరిచిపోయామా? నాకు నాలుగో రోజు పొద్దున ఫోన్ వచ్చింది. అప్పటికి పదో తరగతి చదువుతున్న వీడే, ఎవరి డాబానో ఎక్కి సిగ్నల్ వెతుక్కుని, "అత్తా, అందరం బాగున్నాం" అన్నాడు. దెబ్బతిన్న టవర్లు ఎక్కి కేబుళ్లు అతుకుతున్నవాళ్లను చూశాక తనకీ ఆ పనే కావాలనుకున్నాడట.

మన సభ్యుల్లో కొందరికి వైజాగ్‌లో బ్యాక్ ఆఫీసులున్నాయి. వాళ్లను చేతులు పట్టుకుని అడుగుతున్నాను. రాత్రి పనికి రాత్రి భత్యం ఇవ్వండి, పరీక్ష ఫీజు కంపెనీయే కట్టాలి, తల్లిదండ్రులను ఇన్సూరెన్సులో చేర్చండి. మీ క్లయింటుకు మీరు గంటకు ఎంత బిల్లు వేస్తున్నారో మీకు తెలుసు.

కార్యవర్గానికి నా మనవి చిన్నది. దసరా సభ బడ్జెట్ వచ్చే నెల వేస్తున్నారు. స్టేజీ డెకరేషన్, సౌండ్, భోజనాల పక్కన లైవ్ సపోర్టుకు కూడా ఒక లైను పెట్టండి. అందులో అంకె మనం వేయొద్దు. ఎంత తీసుకుంటావని ముందు వాణ్నే అడుగుదాం. 'పర్లేదు' అంటే మళ్లీ అడుగుదాం.