వారానికొకటి అంటే రోజుకొకటి కాదు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక రిటైర్డు పెద్దాయనకు జలుబు చేసింది. పనిలో పనిగా రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి 14 నానోగ్రాములని తేలింది. 20కి తగ్గితే లోపం కిందే లెక్క. డాక్టరు 60,000 యూనిట్ల పొడి పొట్లాలు ఎనిమిది రాసి, "వారానికొకటి, అన్నం తిన్నాక" అన్నారు. పెద్దాయన చెవికెక్కింది 'ఎనిమిది' ఒక్కటే.

మర్నాటి నుంచి రోజుకొకటి. అదీ పరగడుపున, బ్లాక్ కాఫీలో. డి కొవ్వులో కరిగే సరుకు. నూనో నెయ్యో తోడుంటేనే పేగుల్లోంచి ఒంటికి బాగా పడుతుంది. మధ్యాహ్నం చేపల పులుసు తిన్నాక వేసుకోవాల్సిన పొడిని కాఫీలో పోసుకున్నారు.

"ఏందండీ ఇది, పప్పుండలు తిన్నట్టు తింటన్నారు?" అంది ఇంటావిడ.

"వైరస్ దిగేలోపల సైన్యాన్ని రెడీ చెయ్యొద్దా?"

సైన్యం అంత తొందరగా కదలదు. మింగిన డి కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో ఇంకోసారి రూపు మారాకే పనికొస్తుంది. మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు ఆ రెండో మార్పును సొంతంగా కూడా చేసుకుని కేథలిసిడిన్ అనే ప్రోటీన్ తయారు చేస్తాయి. ఫ్లూ లాంటి కొన్ని వైరస్‌ల పైపొరను అది దెబ్బతీస్తుంది. అట్టాగని ఒకేసారి కుమ్మరిస్తే ఒరిగేదేం లేదు. 2017లో 25 ట్రయల్స్ (మనుషుల మీద డి వాడి చూసిన పరీక్షలు) ఫలితాలు కలిపి చూస్తే, రోజూ గానీ వారంవారం గానీ కొద్దికొద్దిగా వేసుకున్నవాళ్లకే శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు కొంత తగ్గాయి. భారీ డోసులవాళ్లకు తగ్గలేదు. ఆ తర్వాతి ట్రయల్స్ కూడా కలిపితే ఆ కొంతా పలచబడింది.

ఎండ సంగతి మరీ అన్యాయం. పెద్దాయన పొద్దున ఆరున్నరకు అద్దాలు బిగించిన బాల్కనీలో, మంకీ క్యాప్‌తో, ఫుల్ చేతుల చొక్కాతో కూర్చునేవారు. చర్మంలో డి పుట్టించే యూవీబీ కిరణాలు ఆ వేళ దాదాపు ఉండవు, ఉన్నా అద్దం దాటవు. మన నీడ మనకంటే పొట్టిగా ఉండాలి: నెల్లూరులో వేసవైతే తొమ్మిది దాటాక, చలికాలమైతే పదిన్నరకు. చేతులు, కాళ్లు ఎండకు తగలాలి. రోహిణి కార్తెలో మాత్రం ఈ సలహా ఎవరికీ ఇవ్వబుద్ధి కాదు.

తొమ్మిదో రోజు ఇంకో ఎనిమిది పొట్లాలకు మందుల షాపుకెళ్లారు. షాపతను చీటీ మీద తేదీ చూసి, "అయ్యా, ఇది రెండు నెలల కోర్సు కదా!" అని డాక్టరుకు ఫోన్ కొట్టాడు.

4,80,000 యూనిట్లు! డి మితిమీరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది: దాహం, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, ముదిరితే కిడ్నీకి దెబ్బ. డాక్టరు పొట్లాలతో పాటు కాల్షియం బిళ్లలూ ఆపించి, కాల్షియం పరీక్ష, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రాశారు. రెండూ హద్దులోనే ఉన్నాయి. కొవ్వు తోడులేని ఆ కాఫీ కూడా కొంత కాపాడిందేమో. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష, అందాకా డి మాట ఎత్తొద్దన్నారు.

ఈలోగా జలుబు దానంతటదే పోయింది. పెద్దాయన ఆ ఘనత మూడో పొట్లానిదే అంటున్నారు.