32 వేల అడుగుల దగ్గర గీసిన గీత

2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్ మీదుగా వెళ్తున్న మలేసియా ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల విమానం ఎంహెచ్17 33 వేల అడుగుల ఎత్తులో ఉంది. కింద యుద్ధం నడుస్తోంది కాబట్టి 32 వేల అడుగుల దాకా ఆకాశాన్ని మూసేశారు, ఆ పైన మాత్రం వెళ్లొచ్చన్నారు. కాగితం మీద విమానం ఉండాల్సిన చోటే ఉంది. నేల మీది నుంచి విమానాల్ని కూల్చే బక్ క్షిపణికి ఈ లెక్కలేం పట్టవు, 298 మంది చనిపోయారు. ఆకాశాన్ని పూర్తిగా మూసేయడానికి ఉక్రెయిన్‌కు తగినంత కారణం ఉందని, ప్రమాదంపై దర్యాప్తు చేసిన డచ్ సేఫ్టీ బోర్డు మరుసటి ఏడాది తేల్చింది.

అంతర్జాతీయ విమాన మార్గాలను ఇంకా మెరుగ్గా గీయాలి అనగానే అందరూ ఉపగ్రహాలు, కొత్త సాఫ్ట్‌వేర్ అంటారు. నిజమే, అవీ కావాలి. కానీ ఆ పని సముద్రం మీద ఎప్పుడో మొదలైంది. ఉత్తర అట్లాంటిక్‌లో జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వేగంగా వీచే గాలి) ఎటు వీస్తుందో చూసి రోజూ కొత్తగా దారులు గీస్తారు, యూరప్ వైపు వెళ్లేవాటికి గాలి తోడయ్యేలా, అమెరికా వైపు వెళ్లేవి ఆ గాలికి ఎదురుపడకుండా. పైన ఒకటి, కింద ఒకటి వెళ్లే విమానాల మధ్య ఎడాన్ని 2 వేల అడుగుల నుంచి వెయ్యికి తగ్గించడం కూడా 1997లో అక్కడే మొదలైంది. ఇంధనం మిగిలింది, భద్రతకూ లోటు రాలేదు.

నేల మీదికి వచ్చేసరికే చిక్కు. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ఏ దేశం ఆకాశం ఆ దేశానిదే. మూసేస్తే తన మీదుగా వెళ్లే విమానాలు కట్టే ఓవర్‌ఫ్లైట్ చార్జీలు పోతాయి, పైగా పరిస్థితి చేయి దాటిందని ఒప్పుకున్నట్టూ అవుతుంది, అందుకే యుద్ధంలో ఉన్న ప్రభుత్వం చివరి నిమిషం దాకా నాన్చుతుంది. 2020 జనవరి 8న ఇరాక్‌లోని అమెరికా స్థావరాల మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించిన కొద్ది గంటలకే టెహ్రాన్ నుంచి ఒక ప్రయాణికుల విమానాన్ని ఎగరనిచ్చారు. ఇరాన్ సైన్యమే పొరపాటున కూల్చేసింది, 176 మంది పోయారు. ఎయిర్‌లైన్లకేమో చుట్టుదారి అంటే ఖర్చు. 2022లో యూరప్ ఎయిర్‌లైన్లకు రష్యా ఆకాశం మూతపడ్డాక హెల్సింకి నుంచి టోక్యోకి సుమారు 9 గంటల ప్రయాణం 13 గంటలైంది, ఇక పోటీ కంపెనీ దగ్గరి దారిలో పోతుంటే తాను మాత్రం చుట్టూ తిరగాలని ఎవరికుంటుంది? మూయాల్సినవాళ్లు మూయకపోతే తప్పుకోవాల్సినవాళ్లూ తప్పుకోరు.

అందుకే, ఆకాశం మూయాలా వద్దా అన్నది యుద్ధంలో ఉన్న దేశం ఒక్కదానికే వదిలేయకూడదని మా అభిప్రాయం. ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐసీఏవోకి ఇప్పుడు ఎవరి ఆకాశాన్నీ మూసే అధికారం లేదు. కనీసం క్షిపణులు తిరుగుతున్న ప్రాంతం వరకైనా దానికి ఆ అధికారం ఇవ్వాలి, పోయిన చార్జీలను ఒక ఉమ్మడి నిధి నుంచి ఆ దేశానికి కట్టివ్వాలి. సార్వభౌమత్వం ఏమైపోవాలి అని కొందరు లేస్తారు, లేవనివ్వండి. ఏ దేశానికీ చెందని సముద్రాల మీద అందరూ ఒకే రూల్స్ పాటిస్తూనే ఉన్నారు కదా. ఆ ఒప్పందం కుదిరేదాకా ఎయిర్‌లైన్లు ఒక చిన్న పని చేయొచ్చు: విమానం ఏ దేశాల మీదుగా వెళ్తుందో టికెట్ అమ్మేటప్పుడే చెప్పడం.