కీబోర్డు మీద నుంచి మీ చెయ్యి తియ్యండి

"సార్, స్క్రీన్ రీడర్ షార్ట్‌కట్ కీల లిస్టు ఉంటే పంపండి, పిల్లల చేత బట్టీ పట్టిస్తాం" అని మొన్న ఒక టీచరు గారు ఫోన్ చేశారు. స్క్రీన్ రీడర్ అంటే తెర మీద ఉన్నదాన్ని చూపు లేనివాళ్లకి చదివి వినిపించే ప్రోగ్రాం. పంపనని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. ఎందుకు పంపలేదో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. చూపు లేని పిల్లలకి కంప్యూటర్ నేర్పడమే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట కోర్సు చేసి, సర్టిఫికెట్ పట్టుకునే వస్తారు. అడిగితే యాభై షార్ట్‌కట్‌లు గడగడా అప్పజెబుతారు. కొత్త వెబ్‌సైట్ తెరిచి "ఇందులో ఆఖరి తేదీ ఎక్కడుందో చూడు" అంటే చేతులు ఆగిపోతాయి.

మూడు నెలల కిందట డిగ్రీ చదివే ఒక అమ్మాయి హాల్ టికెట్ కోసం కూర్చుంది. సాయం చేద్దామని వచ్చిన ఒకాయన పక్కన ఉన్నాడు. మంచివాడే, కాదనను. ఆ అమ్మాయి రెండు కీలు నొక్కిందో లేదో "అక్కడ కాదమ్మా, కుడివైపు పైన ఎర్ర బటన్ ఉంది" అన్నాడు. ఆమె వెతికింది. "అబ్బా, పైన" అన్నాడు. ఇంకోసారి వెతికింది. "ఉండు, నేను చేసేస్తా" అని మౌస్ తీసుకుని ఒక్క క్లిక్‌తో పని ముగించాడు. అందరూ థాంక్స్ చెప్పారు, ఆ అమ్మాయి కూడా చెప్పింది. ఆ తర్వాత గంటసేపు ఆమె కీబోర్డు చప్పుడు నాకు వినబడలేదు.

కుడివైపు పైన అనేది మీ కంటికి ఉంది. మా చెవికి లేదు. మీకు పేజీ మొత్తం ఒకేసారి గోడ మీద పోస్టర్‌లా కనిపిస్తుంది. మాకు అది రైలు దారి. ఒక స్టేషన్ తర్వాత ఇంకో స్టేషన్, వరసగా వస్తాయి. కింది బాణం నొక్కుతూ పోతే పాసింజరు, అన్నిచోట్లా ఆగుతుంది. హెచ్ నొక్కితే ఎక్స్‌ప్రెస్, హెడ్డింగుల దగ్గరే ఆగుతుంది. కె నొక్కితే లింకులు, బి నొక్కితే బటన్లు. ఏ బండి ఎప్పుడు ఎక్కాలో తెలియడమే నేర్చుకోవడం. రైళ్ల పేర్లు వల్లించినంత మాత్రాన ఎవరూ ఊరు చేరరు కదా.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ట్యాబ్ కీ. చాలా చోట్ల మొదటి రోజు ట్యాబ్ నేర్పి అక్కడితో సరిపెడతారు. ట్యాబ్ నొక్కితే లింకులు, బటన్లు, నింపాల్సిన పెట్టెల దగ్గరే ఆగుతుంది, మధ్యలో ఉన్న మామూలు రాతనంతా దాటేస్తుంది. ఫీజు కట్టే పేజీలో "గడువు ముగిసింది, అపరాధ రుసుముతో కట్టాలి" అని రాసి ఉన్నా, ట్యాబ్ మాత్రమే తెలిసిన పిల్లాడికి ఆ మాట చెవిన పడనే పడదు. నా దగ్గర ఒక కుర్రాడికి సరిగ్గా ఇదే జరిగింది. వాడు బాధపడింది "నాకు కంప్యూటర్ రాదు సార్" అని. వాడికి రాకపోవడం కాదు, నేర్పినవాళ్లు సగమే నేర్పారు.

ఇంకోటి, భాష. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి స్క్రీన్ రీడర్ హడావిడి ఇంగ్లీషులో "కాంబో బాక్స్ కొలాప్స్‌డ్" అంటుంది. అది తిట్టో, పొగడ్తో, తప్పు జరిగిందో తెలియక టెన్షన్ పడిపోతారు. నేను మొదటి వారం ఇలాంటి పది పదిహేను మాటలే చెబుతాను. కాంబో బాక్స్ అంటే బీరువాలో సొరుగు లాంటిది, ఎంచుకోవాల్సినవన్నీ లోపల ఉంటాయి, కొలాప్స్‌డ్ అంటే మూసి ఉంది, ఎక్స్‌పాండెడ్ అంటే తెరిచి ఉంది. నిజంగానే టేబుల్ సొరుగు లాగించి, మూయించి చూపిస్తాను. నాట్ చెక్డ్ అంటే టిక్కు పెట్టలేదని. గొంతు వేగం బాగా తగ్గిస్తాను. వేగం అలవాటైన కొద్దీ వాళ్లే పెంచుకుంటారు.

మేం వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏలో ఇన్సర్ట్‌తో 1 నొక్కితే ఒక ఏర్పాటు ఉంది. ఆ తర్వాత ఏ కీ నొక్కినా అదేం కీయో, దేనికి పనికొస్తుందో చెబుతుంది తప్ప ఏ పనీ జరగదు. ఏదీ చెడిపోదు. మొదటి రోజు ఎఫ్, జె కీల మీద ఉన్న చిన్న గీతలు వేలికి తగిలించి, ఇది ఆన్ చేసి పిల్లల్ని వదిలేస్తాను. గంటసేపు ఆడుకుంటారు. ఆ గంటలో పోయే భయం లిస్టు బట్టీ పడితే పోదు.

డబ్బు లేదనడానికి కూడా వీల్లేదు. ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. మన దగ్గర కొరతల్లా ఓపికే.

టీచర్లూ, సాయానికి వచ్చే అన్నలూ అక్కలూ, ఒక్క అరగంట మానిటర్ ఆపేసి, మౌస్ పీకేసి, మీరే ఒక రిజర్వేషన్ ఫారం నింపండి. పక్కన ఎవరూ చెప్పకుండా. ఆ తర్వాత వచ్చి నేర్పండి, కాళ్లు కడిగి కూర్చోబెడతాను.

అన్నీ వచ్చినా దాటలేని గోడలు కొన్ని ఉన్నాయి. బొమ్మలో అంకెలు చూసి కొట్టమనే క్యాప్చా. పేరు పెట్టని బటన్లు, నొక్కినకొద్దీ "బటన్, బటన్" అనే తప్ప దేనికో చెప్పనివి. ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టే నోట్సు. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ప్రశ్నపత్రాలు కంటికి తెలుగే గానీ లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ రెండు సంగతులూ నేను క్లాసులో చెబుతాను. ఎందుకంటే "నాకు రావట్లేదు" అనడానికీ "ఈ పేజీ సరిగ్గా లేదు" అనడానికీ తేడా పిల్లలకి తెలియాలి.

నిన్న రిజల్ట్స్ వచ్చాయి. ఆ అమ్మాయే కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. "ఎడిట్, బ్లాంక్", అంటే నింపాల్సిన పెట్టె ఖాళీగా ఉంది అని వినగానే హాల్ టికెట్ నంబర్ కొట్టడం మొదలుపెట్టింది. మొదట 2 నొక్కగానే పేజీ ఎక్కడో ఉన్న రెండో స్థాయి హెడ్డింగ్ మీదకి గెంతింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, ఆగాను. ఆమె కంట్రోల్ నొక్కి గొంతు ఆపింది. కాసేపు నిశ్శబ్దం. మళ్లీ వెనక్కి ఆ పెట్టె దగ్గరికి వచ్చి, కీలు గెంతడం మాని అక్షరాలు పడేలా ఇన్సర్ట్ స్పేస్ నొక్కింది, టిక్కుమని శబ్దం వచ్చింది. ఈసారి నంబర్ మొత్తం పడింది. అంతా కలిపి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. మెమో దిగాక వాళ్ల నాన్నకి ఫోన్ చేసింది.

"నాన్నా, నువ్వు నెట్ సెంటర్‌కి వెళ్లకు. నేనే తీసుకున్నాను."