ముందు అమ్మకం, తరువాత రుజువా?

వరి పిలక దశకు వచ్చేసరికి యూరియా బస్తాతో పాటు ఒక ‘బయో మందు’ డబ్బా కూడా రైతు చేతికి వస్తుంది. పైరులో రోగ నిరోధక శక్తి పెరుగుతుందని చెప్పి అంటగడతారు. ఏ తెగులు మీద, ఎంత పెరుగుతుందని అడిగితే జవాబు ఉండదు. ఇలాంటి బయోస్టిమ్యులెంట్లు (మొక్క ఎదుగుదలను ప్రేరేపించే మందులు) దాదాపు 30 వేల రకాలు ఏళ్ల తరబడి అదుపు లేకుండా అమ్ముడయ్యాయని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహానే చెప్పారు. తనిఖీలు బిగించాక సుమారు 650 మిగిలాయన్నారు. మరి మాయమైన వేల రకాలకు రైతు పోసిన డబ్బు మాటేమిటి?

వీటిని 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. తెచ్చి, తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో అమ్ముకోనిచ్చారు. గడువు ముగిసిన ప్రతిసారీ పొడిగిస్తూ 2025 దాకా లాక్కొచ్చారు. ముందు అమ్మకం, తరువాత రుజువు. మా అభ్యంతరమంతా ఈ ఆనవాయితీ మీదే.

మొక్క నిరోధక శక్తి పోసేకొద్దీ నిండే తొట్టి కాదు. సూక్ష్మజీవులను పసిగట్టే గ్రాహక ప్రోటీన్లను తయారు చేసుకోవడం ఎంత అవసరమో, పని తీరాక వాటిని తొలగించుకోవడమూ మొక్కకు అంతే అవసరం. ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్‌లో ఎఫ్‌ఎల్‌ఎస్2 అనే గ్రాహకం బ్యాక్టీరియా తోకలోని ప్రోటీన్‌ను పట్టుకోగానే, పబ్12, పబ్13 అనే ఎంజైములు దానికి యుబిక్విటిన్ అనే గుర్తు తగిలిస్తాయి. గంట తిరిగేలోగా కణం ఆ గ్రాహకాన్ని లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. ఆ తరువాత కొత్తది పుడుతుంది. కణం లోపల ఉండే ఎస్‌ఎన్‌సీ1 అనే మరో గ్రాహకాన్ని సీపీఆర్1 అనే ప్రోటీన్ ఇలాగే హద్దులో ఉంచుతుంది. సీపీఆర్1 చెడిపోయిన మొక్కల్లో ఎస్‌ఎన్‌సీ1 పేరుకుపోతుంది. అవి తెగులును బాగానే తట్టుకుంటాయి. కానీ గిడసబారిపోతాయి, ఆకులు ముడుచుకుంటాయి. నిరోధక శక్తి అదుపు తప్పితే మూల్యం ఎదుగుదలే. వరిలో ఎదుగుదల తగ్గితే పోయేది దిగుబడి, అంటే రైతు ఇల్లు గడిచే సొమ్ము.

ఈ మందుల్లో వాడే చిటోసాన్ (రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీసే పదార్థం), సముద్రపు నాచు సారాలు మొక్కల రక్షణ స్పందనను లేపుతాయని కంపెనీలు వాదిస్తాయి. కొన్నింటి విషయంలో అది నిజమే. అయితే స్పందన లేవడం వేరు, గింజ నిండడం వేరు. లేచినది ఎప్పుడు అణగాలో తెలియకుండా పది రోజులకోసారి పిచికారీ చేయమనడం ఏ శాస్త్రం?

శాస్త్రం ఎలా నడవాలో హైదరాబాద్‌లోనే చూడవచ్చు. బ్యాక్టీరియా ఆకు ఎండు తెగులును ఎదిరించే ఎక్స్ఏ21 అనే గ్రాహక జన్యువును 1995లో వేరు చేశారు. దానితో పాటు మరో రెండు జన్యువులను జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలోకి తెచ్చారు. దిగుబడి, గింజ నాణ్యత దెబ్బతినలేదని పొలంలో తేల్చుకున్నాకే 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. విత్తనానికి రుజువు ముందు, డబ్బాకు రుజువు తరువాతనా? ఒకే పొలానికి రెండు ధర్మాలా?

వ్యవసాయ శాఖ ఇకనైనా కళ్లు తెరవాలి. అనుమతి పొందిన ప్రతి మందునూ ఏ పంట మీద, ఎక్కడ పరీక్షించారో, దిగుబడి ఎంత వచ్చిందో డబ్బా మీద తెలుగులో అచ్చు వేయించాలి. అది చేతకాకపోతే నిరోధక శక్తి అనే మాటనే చెరిపించండి. ఇన్నేళ్లూ పొడిగింపు కాగితాల మీద సంతకాలు చేసిన చేతులకు ఈ ఒక్క ఉత్తర్వు బరువేమీ కాదు.