పది డాలర్ల సిమ్ము మీద వెటకారం

మొన్న కనుమ నాడు కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి, అమెరికాలోని మన సంఘం పేజీలో పెట్టిన లైవు ఎక్కడ ఆగిందో చూసినవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. గంగలకుర్రు ప్రభ గట్టు దిగింది, మోసేవాళ్లు కౌశిక కాలవ నీళ్లలో అడుగుపెట్టారు, "అశ్శరభ శరభ" కేక అందుకోబోతుండగా బొమ్మ బిగుసుకుపోయి చక్రం తిరగడం మొదలెట్టింది. మళ్లీ కదిలేసరికి ప్రభ అవతలి గట్టు ఎక్కేసింది. ఏడాది పొడుగునా ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే కదా, ఉసూరుమనిపించడం సహజం. కానీ ఆ వెంటనే వాట్సాప్ గ్రూపులో మొదలైంది వేరు, చవక సిమ్ము వాడేవాళ్లకే లైవు ఆగిందన్న ఎగతాళి. "పది డాలర్ల సిమ్ము బ్యాచ్‌కి చక్రమే దర్శనం" అని ఒకరు, "ప్రభకి చందా రాసే ముందు ఫోన్ బిల్లు కట్టుకోండర్రా" అని ఇంకొకరు, వాటికింద వరసగా నవ్వు బొమ్మలు. చదువుకోడానికొచ్చి ఏడాది కూడా నిండని పిల్లలు అదే గ్రూపులో ఉన్నారని, కొందరు చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్లిపోయారని కార్యవర్గం గమనించిందో లేదో.

వెటకారం లేకపోతే మనం గోదావరి వాళ్లమే కాదు, ఒప్పుకుంటాం. కాకా హోటల్ బల్ల మీద అన్నవాడూ పడ్డవాడూ ఒకే టీ చెరిసగం తాగి లేస్తారు కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. ఇక్కడ పడ్డవాడికి అద్దె, ఫీజు, చేతిలో లేని ఉద్యోగం. అదలా ఉంచితే, ఆ మాటల్లో సరుకు కూడా లేదండి. కోనసీమలో మధ్యాహ్నం 3 గంటలైతే న్యూజెర్సీలో తెల్లవారుజామున 4:30, డల్లాస్‌లో 3:30. ఆ వేళప్పుడు చూసినవాళ్లలో దాదాపు అందరూ మంచం మీద ఇంటి వైఫైతో చూసినవాళ్లే. జేబులో ఎవరి సిమ్ముంటే ఏంటి?

ఆగింది పంపేవైపు. తోట చుట్టుపక్కల టవర్లు మామూలు రోజుల లెక్కకి పెట్టినవి. కనుమ నాడు అదే కొబ్బరితోటలో వేలమంది నిలబడి ఒకే నిమిషంలో వీడియో పైకి పంపుతారు. ఇండియాలో 4జీకి వాడే 2300 మెగాహెర్ట్జ్, 5జీకి వాడే 3500 మెగాహెర్ట్జ్ బ్యాండ్లలో, అంటే సిగ్నల్ పోయే ఫ్రీక్వెన్సీ పట్టీల్లో, రావడానికీ పోవడానికీ ఒకటే దారి. సమయాన్ని ముక్కలు చేసి పంచుతారు, పెద్ద వాటా డౌన్‌లోడ్‌కి పోతుంది. అప్‌లోడ్‌కి మిగిలిన కాస్తలోనే అందరూ తోసుకోవాలి. వచ్చే ఏడాది లైవు పెట్టేవాళ్లు రోడ్డువైపు ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇల్లు చూసుకుని అక్కణ్ణించి పంపాలి. గట్టు మీద నుంచే కావాలంటే రెండు వేర్వేరు కంపెనీల సిమ్ములున్న ఫోన్ పట్టుకుని, నాణ్యత 480కి దించి, పక్కన ఇంకో ఫోన్‌లో పూర్తి నాణ్యతతో రికార్డు చేసి సాయంత్రం ఎక్కించాలి.

ఆ మాటలన్నవాళ్ల మనసులో ఉన్న అసలు అనుమానం మాత్రం కొట్టిపారేసేది కాదు. చవక కంపెనీ సిమ్ముకీ, ఆ కంపెనీ ఎవరి టవర్ల మీద నడుస్తోందో ఆ పెద్ద కంపెనీ సిమ్ముకీ తేడా ఉందా? ఉంది. మన ఊళ్లలో ఈ పద్ధతి అలవాటు లేదు. 2008లో టాటా నెట్‌వర్క్ మీద వర్జిన్ మొబైల్ పేరుతో సిమ్ములొచ్చాయి, పోయాయి. 2016లో ప్రభుత్వం ఇలాంటి కంపెనీలకి లైసెన్సుల పద్ధతి తెచ్చినా అమలాపురం సెల్ షాపుల్లో దాని ఊసు లేదు. సొంత టవర్ లేని కంపెనీ అనగానే మన పెద్దవాళ్లు అనుమానంగా చూసేది అందుకే.

అమెరికాలో దేశమంతా సొంత నెట్‌వర్క్ ఉన్నవి మూడు: వెరైజన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. విజిబుల్ వెరైజన్ సొంతది, ట్రాక్‌ఫోన్‌ని 2021లో వెరైజనే కొనేసింది. క్రికెట్ ఏటీ అండ్ టీది. మెట్రో టీ-మొబైల్‌ది, మింట్ కూడా 2024 మే నుంచి ఆ ఇంటిదే. ఎక్స్‌ఫినిటీ, స్పెక్ట్రమ్ కేబుల్ కంపెనీల సిమ్ములు వెరైజన్ మీద నడుస్తాయి. యూఎస్ మొబైల్ వాళ్లైతే మూడింటిలో ఏది కావాలో మిమ్మల్నే ఎంచుకోమంటారు. కాబట్టి ధర చూసేముందు మీ ఇంట్లో, ఆఫీసులో, పిల్లల బడి దగ్గర ఎవరి టవర్ వస్తోందో చూడండి. అక్కడ పెద్ద కంపెనీ సిగ్నలే రాకపోతే దాని మీద నడిచే చవక సిమ్మూ రాదు. అది తన సొంత టవర్ నుంచి వస్తే ఇదీ వస్తుంది, టవర్ ఒక్కటే.

తేడా వచ్చేది వంతు దగ్గర. మన కాలవల కింద చేసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. సార్వాలో కాలవ నిండుగా పారుతుంటే ఎగువ చేనుకీ శివారు చేనుకీ తేడా తెలీదు. దాళ్వాలో నీళ్లు తగ్గి వంతులు పెట్టినప్పుడు తెలుస్తుంది శివారు అంటే ఏంటో. అవే నీళ్లు, అదే కాలవ, చేరేది మాత్రం ఆఖర్న. సెల్ నెట్‌వర్క్‌లో ఈ వంతుకి క్యూసీఐ అని అంకె ఉంటుంది. మామూలు డేటాకి 6 నుంచి 9 దాకా వేస్తారు, చిన్న అంకె వాళ్లు ముందు. టవర్ ఖాళీగా ఉంటే 9లో ఉన్నవాడికీ పూర్తి వేగం వస్తుంది. శనివారం సాయంత్రం గుడి పార్కింగ్ నిండినప్పుడో, స్టేడియంలోనో, మన సంక్రాంతి సంబరాల హాల్లోనో అతని పేజీ తెరుచుకోదు, పక్కవాడిది తెరుచుకుంటుంది.

మన గ్రూపు పెద్దలు మర్చిపోయింది ఇంకోటుంది. పెద్ద కంపెనీ బిల్లు కడుతున్నంత మాత్రాన ముందు వరసలో ఉన్నట్టు కాదు. వాళ్ల అన్నిటికన్నా కింది ప్లాన్లు, ఉదాహరణకి వెరైజన్ అన్‌లిమిటెడ్ వెల్కమ్, రద్దీలో నెమ్మదించవచ్చని ప్లాను వివరాల్లోనే రాసి ఉంటుంది. అటు విజిబుల్‌లో మామూలు ప్లానుకి వెనక వంతు, ప్లస్ ప్లానుకి ముందు వంతు. అంటే బ్రాండు పేరు చూసి కాదు, ప్లాను కింద చిన్న అక్షరాల్లో రద్దీ గురించి ఏం రాశారో చూసి కొనాలి. ఈ రద్దీ వేరు, కోటా అయిపోయాక వేగం బిగించెయ్యడం వేరు. రెండోదానికి టవర్ ఖాళీగా ఉన్నా విముక్తి లేదు, నెల తిరగాల్సిందే.

అన్నిటికన్నా ఉపయోగపడే సంగతి ఇప్పుడు చెప్తాను. మామూలు ఫోన్ కాల్ ఈ వంతుల్లోకి రాదు. 4జీ మీద వెళ్లే మాటకి క్యూసీఐ 1, అది విడిగా ఈ డేటా కన్నా ముందు పోతుంది. వాట్సాప్ కాల్ మాత్రం ఉత్త డేటా, మిగతా డేటాతో పాటే నిలబడాలి. హాల్లో జనంలో అమ్మ కనపడకపోతే వాట్సాప్‌లో పది సార్లు నొక్కకండి, నేరుగా నంబరుకి చెయ్యండి, చవక సిమ్ముకైనా మోగుతుంది. దీనికోసం అమ్మ ఫోన్‌లో మీ అమెరికా నంబరు, మీ ఫోన్‌లో ఆవిడ అమెరికా నంబరు ఉండాలి. మనవాళ్లలో చాలామంది పెద్దవాళ్లకి ఇక్కడి సిమ్ము ఇచ్చి, వాట్సాప్ ఇండియా నంబరు మీదే ఉంది కదా అని కొత్త నంబరు ఎక్కడా రాసుకోరు.

పరీక్షించడం ఖర్చులేని పని. వెరైజన్, టీ-మొబైల్, విజిబుల్, క్రికెట్ ఈసిమ్ (చిప్పు పెట్టకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్ము) మీద కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడనిస్తాయి. ఫోన్ ఏ కంపెనీ సిమ్మైనా పట్టేలా అన్‌లాక్ అయి ఉండాలి, ఈసిమ్ పట్టేదై ఉండాలి, అంతే. పాత సిమ్ము తియ్యకుండా రెండోదిగా వేసుకుని, డేటా దాని మీదకి మార్చి, సాయంత్రం 5 నుంచి 8 మధ్య మీరు నిజంగా తిరిగేచోట్ల చూడండి. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోతారు జనం. వీడియో కాల్ తెగేది అప్‌లోడ్ చాలక, పింగ్, అంటే జవాబు తిరిగొచ్చే ఆలస్యం, పెరిగిపోయి. ఆ రెండూ చూడండి. పడగ్గదిలోనూ, బేస్‌మెంట్‌లోనూ కూడా చూడండి.

పెద్దవాళ్లు ఊర్నించి తెచ్చుకునే ఫోన్‌తో వచ్చే చిక్కు వేరే. ఇండియా ఫోన్లు 1, 3, 5, 8, 40, 41 బ్యాండ్లకి తయారైనవి. ఇక్కడ గోడలు దాటి ఇంట్లోకి వచ్చేవి ముఖ్యంగా తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు: టీ-మొబైల్‌కి 12, 71, వెరైజన్‌కి 13, ఏటీ అండ్ టీకి 12, 14. ఇవి చాలా ఇండియా మోడళ్లలో ఉండవు. అందుకే వాకిట్లో నాలుగు గీతలు, వంటింట్లో సున్నా. నింద సిమ్ము మీద పడుతుంది. 2022తో మూడు కంపెనీలూ 3జీ మూసేశాయి కాబట్టి 4జీ మీద మాట్లాడగలిగే ఫోనే కావాలి, ఏటీ అండ్ టీ అయితే తన జాబితాలో లేని ఫోన్‌ని అసలు చేర్చుకోదు. *#06# నొక్కితే వచ్చే ఐఎమ్ఈఐని (ఫోన్ గుర్తింపు నంబరుని) ఆ కంపెనీ పేజీలో కొట్టి చూశాకే సిమ్ము కొనండి. సరిపడకపోతే ఇక్కడే ఒక పాత అన్‌లాక్ ఫోన్ ఇవ్వడం మేలు.

ఆ ఇచ్చే ఫోన్ అమెరికాలో కొన్న ఐఫోన్ 14గానీ తర్వాతదిగానీ అయితే దానికి సిమ్ము అరే ఉండదు. నాన్నగారి ఇండియా సిమ్ము చేతిలో పట్టుకుని బ్యాంకు ఓటీపీ ఎలాగా అని అప్పుడు కూర్చుంటారు. ఊళ్లో ఉండగానే ఈసిమ్‌కి మార్పించుకోవాలి, ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి. 2024 డిసెంబరులో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేకుండా మాటలు, ఎస్ఎమ్ఎస్‌లకే 365 రోజుల దాకా ప్యాకులు వచ్చాయి, ఓటీపీ కోసం నిలబెట్టుకునే నంబరుకి అది చాలు. ఇక్కడ దిగాక ఆ సిమ్ముకి డేటా రోమింగ్ ఆపేసి, డేటా అంతా ఇక్కడి సిమ్ము మీద పెట్టండి. ఉండేది ఆర్నెల్లు కాబట్టి ఏడాది డబ్బు ముందే కడితే తక్కువ పడే ప్లాన్ల జోలికి పోవద్దు, నెలనెలా కట్టేది చూడండి.

మనం ఊరెళ్లేటప్పుడు మాత్రం పెద్ద కంపెనీ కొంత అక్కరకొస్తుంది. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్ ప్లాన్లలో చాలావాటికి ఇండియాలో డేటా కలిసే ఉంటుంది. మిగతా ఇద్దరి దగ్గర డే పాస్‌కి రోజు లెక్కన కట్టాలి. చవక సిమ్ముల్లో చాలావాటికి రోమింగ్ ఉండదు, ఉంటే విడిగా కొనాలి. ఊళ్లో మంచి ఫైబర్ ఉంటే వైఫై కాలింగ్‌తో గట్టెక్కొచ్చు. బయల్దేరకముందే ఇక్కడి ఇంట్లో ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై మాత్రం ఆన్ చేసి, బ్యాంకు కోడ్ వస్తుందో లేదో చూసుకోండి. కొన్ని సిమ్ముల్లో ఐదారంకెల నంబర్ల నుంచి వచ్చే కోడ్‌లు వైఫై మీద రావు, ఆ సంగతి భీమవరంలో తెలిసి లాభం లేదు.

ఇక మన ఫ్యామిలీ ప్లాన్ల సంగతి. కుటుంబం కానివాళ్లంతా ఒకరి పేరు మీద పోస్ట్‌పెయిడ్ లైన్లు తీసుకుని నెలనెలా పంచుకోవడం మనవాళ్ల తెలివి. కొత్తగా వచ్చిన కుర్రాడికి ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు) లేకుండానే మంచి నెట్‌వర్క్ దొరుకుతుంది, పేరున్నవాడికి లైను ధర తగ్గుతుంది. ఊళ్లో నలుగురూ కలిసి బోరు వేసుకున్న మనుషులం కదా, ఈ పద్ధతిని ఎగతాళి చెయ్యబుద్ధి కాదు. కానీ మనుషులు ఊళ్లు మారతారు, మాటలు పడతాయి. నంబరు తీసుకెళ్లాలంటే ట్రాన్స్‌ఫర్ పిన్ ఖాతా యజమాని తియ్యాలి, నంబర్ లాక్ ఉంటే అతనే తియ్యాలి. ఆ ఫోన్ 24 లేదా 36 నెలల బిల్లు క్రెడిట్ల (ఫోన్ ధర నెలనెలా బిల్లులో తగ్గించే పద్ధతి) మీద తీసుకున్నదైతే మధ్యలో వెళ్లినప్పుడు మిగతా క్రెడిట్లు పోతాయి, బాకీ యజమాని నెత్తిన పడుతుంది. ఖాతా నంబరు, పిన్ చేతికొచ్చి, కొత్త సిమ్ములో కాల్ మోగేదాకా పాతది రద్దు చెయ్యొద్దు. రద్దయిన నంబరు పోర్ట్ కాదు. బ్యాంకు కోడ్‌లన్నీ ఆ నంబరుకే వస్తాయన్నది గుర్తుండాలి.

ఎవరికి ఏది అంటే, ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు, రాత్రిపూట ఆస్పత్రి పిలుపు అందుకోవలసినవాళ్లు, ఊరి బయట తోటల్లోనూ నేషనల్ పార్కుల్లోనూ తిరిగేవాళ్లు పెద్ద కంపెనీ ముందు వంతు ప్లాను తీసుకోవడం న్యాయం. చవక సిమ్ములకి పక్క కంపెనీ టవర్ల మీద రోమింగ్ తరచూ ఉండదు. ఇంట్లో వైఫై, ఆఫీసులో వైఫై ఉన్నవాళ్లు పెద్ద బిల్లు కట్టడం అలవాటు తప్ప ఇంకేమీ కాదు. పెద్దవాళ్లకి మాత్రం, కొట్టుకెళ్లి మనిషితో మాట్లాడగలిగే కంపెనీ ఇవ్వండి. చాట్‌లో ఇంగ్లీషు టైపు చేసి సిమ్ము బాగుచేయించుకోమంటే మా అత్తయ్యగార్లూ మావయ్యగార్లూ చెయ్యలేరు. ఆ నాలుగు డాలర్ల దగ్గర పిసినారితనం వద్దు.

కార్యవర్గానికి ఒక మనవి. ఉగాదికి హాల్లో నగల స్టాళ్లు, రియల్ ఎస్టేట్ స్టాళ్లు ఎలాగూ పెడతారు. వాటి పక్కన ఒక బల్ల ఉచితంగా ఇవ్వండి. మూడు నెట్‌వర్కుల ట్రయల్ ఈసిమ్‌లు వేసిన ఫోన్లు, సిమ్ము అర తెరిచే పిన్నీసు ఒకటి, తెలిసిన ఇద్దరు పిల్లలు చాలు. జనం నిండిన ఆ హాలే పరీక్షకి సరైన చోటు, భోజనాల వేళ మరీను. వచ్చేవాళ్లని ఫోన్ పెట్టె కూడా వెంట తెమ్మనండి, మోడల్ నంబరూ ఐఎమ్ఈఐ నంబర్లూ దాని మీదే ఉంటాయి.