రెండో ఫోన్‌కు తాళం లేదు

నల్గొండలో అర్థమెటిక్ చెప్పే సార్ ఒకాయన నాకు బాగా తెలుసు. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని నడి ఎండాకాలంలోనూ దాన్ని ఆపేసి, చెమటలు కారుతుండగా గ్రూప్-2 కోర్సు రికార్డు చేశాడు. ధర 999 రూపాయలు. అమ్మకానికి పెట్టిన పదో రోజు దేవరకొండ నుంచి ఒక పిల్లగాడు ఫోన్ చేశాడు. "సార్, మా టెలిగ్రామ్ గ్రూపుల మీ శాతాల క్లాసు ఊగుతుంది. అసలుది పంపుతరా?"

ఎవరో ఒక ఫోన్‌లో క్లాసు నడిపించి, ఇంకో ఫోన్‌తో షూట్ చేశారు. యాప్‌లో స్క్రీన్ రికార్డు చేస్తే నల్లగానే వస్తుంది మరి. గూగుల్ వైడ్‌వైన్, యాపిల్ ఫెయిర్‌ప్లే లాంటి డీఆర్ఎం (కాపీ కాకుండా ఆపే) తాళాలైతే వీడియోను ఎన్‌క్రిప్ట్ చేసి, తాళంచెవి కొన్నవాళ్లకే ఇస్తాయి. ఎన్ని చేసినా చివరికి బొమ్మ కంటికి కనబడాల్సిందే. కంటికి కనబడేది కెమెరాకు కనబడదా?

సార్‌కు టెన్షన్ పెరిగి తాళాలు ఇంకా బిగించాడు. దెబ్బ తగిలింది డబ్బు కట్టినవాళ్లకు. ఫోన్ మార్చితే కోర్సు తెరుచుకోదు. వైడ్‌వైన్‌లో భద్రతకు మెట్లు ఉంటాయి. పై మెట్టు ఎల్1 ఫోన్లలో తాళం తీసే పని చిప్‌లోని భద్రమైన భాగంలో జరుగుతుంది. కింది మెట్టు ఎల్3 ఫోన్లలో అంతా సాఫ్ట్‌వేరే కాబట్టి వాటికి చాలాచోట్ల హెచ్‌డీ ఇవ్వరు. సార్ యాప్‌లోనూ అంతే. బోర్డు మీద ఉన్నది 3 ఆ, 8 ఆ అన్నది తెలియకపోతే లెక్క ఎలా నేర్చుకుంటారు? దొంగ కాపీకి మాత్రం లాగిన్ గొడవే లేదు.

నా దృష్టిలో కాస్త పనికొచ్చేది వాటర్‌మార్క్ ఒక్కటే. కొన్నవాళ్ల గుర్తు తెర మీద అటూ ఇటూ కదులుతుంటే, లీకు ఎవరి దగ్గర మొదలైందో దొరుకుతుంది. పూర్తి ఫోన్ నంబర్ మాత్రం వేయకండి. ఆడపిల్లల నంబర్లు ఊరంతా తిరుగుతాయి. ఒక కోడ్ చాలు.

చట్టం గట్టిదే. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. 2012లో చేర్చిన 65ఎ ప్రకారం, కాపీ కొట్టే ఉద్దేశంతో ఇలాంటి తాళం పగలగొట్టడమూ నేరమే. 2022లో నీతూ సింగ్ అనే కోచింగ్ టీచర్ కేసులో, ఆమె పాఠాలు పంచిన ఛానెళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇవ్వాలని ఢిల్లీ హైకోర్టు టెలిగ్రామ్‌ను ఆదేశించింది. కానీ 999 రూపాయల కోర్సు కోసం నల్గొండ సార్ ఎన్ని వాయిదాలకు తిరగగలడు?

ఇక ఒకరు కొంటే అదే గదిలో ఉండే నలుగురు చూడటం అంటారా, దాన్ని నేను దొంగతనం అనను. లైబ్రరీలో ఒక్క పేపర్‌ను పదిమంది చదవడం లేదా?

సార్ ఇప్పుడు ధర 399కి దించాడు. వీడియోతో పాటు టెస్టు పేపర్లు దిద్ది ఇస్తాడు, ఆదివారం లైవ్‌లో డౌట్లు చెబుతాడు. వీడియో లీకైనా ఆ ఆదివారం లీకు కాదు. దేవరకొండ పిల్లగాడూ చేరాడు. అతని మొదటి డౌట్: "శాతాల క్లాసుల మూడో స్టెప్పు ఏంది సార్? ఆ వీడియోల ఎవరిదో బొటనవేలు అడ్డమొచ్చింది."